కుమ్మరి కప్ప కోసం మలెనాడులో ఆరు రోజులు

మొదటి రోజు

మైసూరు-తాళగుప్ప రైలు కర్ణాటక కొండసీమ మలెనాడులోని సాగరలో దింపేసరికి తెల్లారింది గానీ వెలుగు రాలేదు. వాన. మా పాడేరులో జులై వాన కొండ దిగి వచ్చి, ఊరంతా తడిపి, కాసేపటికి తెరిపి ఇస్తుంది. ఇక్కడ రైలు దిగింది మొదలు రాత్రి పడుకునేదాకా తెరిపి అన్నదే లేదు. ప్లాట్‌ఫారం మీద బావ రెండు గొడుగులతో నిలబడి ఉన్నాడు. బ్యాంకు బదిలీ మీద అక్కా బావా ఈ ఊరొచ్చి నాలుగేళ్లయింది. "కప్పల కోసం ఇంత దూరం వస్తున్నావంటే ఆఫీసులో ఎవరూ నమ్మట్లేదురా" అన్నాడు సంచీ అందుకుంటూ.

నిజంగా కప్పల కోసమే వచ్చాను. మా కాఫీ తోట పక్కనుంచి ఒక గెడ్డ పారుతుంది. చిన్నప్పుడు ఆ గెడ్డలో రాయి మీద కాలు పెడితే బొటనవేలంత కప్పలు రెండు మూడు నీళ్లలోకి దూకేవి. రాయి రంగే వాటి రంగు. దూకితే తప్ప కనబడేవి కావు. మూడేళ్లుగా అవి లేవు. ఊళ్లో ఎవరితో అన్నా, "కప్పలకేం కరువు, రాత్రిళ్లు నిద్రపోనివ్వడం లేదు కదా" అంటారు. అదీ నిజమే. కింద మడుల్లో బెకబెకలు మునుపటికన్నా ఎక్కువే వినిపిస్తున్నాయి. మరి గెడ్డలోవి ఏమయ్యాయి? జూనియర్ కాలేజీలో జువాలజీ చెబుతాను. పిల్లలకు కప్ప గుండెలో ఎన్ని గదులో చెప్పగలను గానీ, మా గెడ్డలో కప్ప ఎందుకు లేదో చెప్పలేకపోయాను.

శరావతి నదీ పరీవాహకంలో బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు ఇదే విషయం మీద ఏళ్ల తరబడి తిరిగారు. అన్నీ ఒకే నదిలో కలిసే వాగులు. ఒకటి అడవిలో పారుతుంది, ఒకటి వక్కతోటలో, ఒకటి అకేసియా చెట్ల కింద, ఒకటి మడుల మధ్య. సతత హరిత అడవి, చెట్ల గొడుగు, ఏడాది పొడుగునా పారే నీరు ఉన్నచోట పశ్చిమ కనుమలకే పరిమితమైన జాతులు ఎక్కువగా ఉన్నాయని, అడవి ముక్కలైన కొద్దీ అవి తగ్గాయని వాళ్లు చూపించారు. చదివింది కళ్లతో చూద్దామని వచ్చాను. ఇంకో ఆశ కూడా ఉంది. ఇక్కడి వాగుల్లో ఒక కప్ప గుడ్లకు బంకమట్టి మెత్తుతుందట. దాన్ని చూడాలి.

రాత్రి అక్క మిరియాల కషాయం ఇచ్చింది. నేను రబ్బరు బూట్లు బకెట్‌లో వేసి బ్లీచింగ్ నీళ్లతో తోముతుంటే, "కొత్తవే కదరా" అంది. మా గెడ్డలో వేసుకున్న బూట్లవి. ప్రపంచమంతటా కప్పల్ని చంపిన చర్మపు శిలీంధ్రం ఒకటుంది. అది తడి బూట్ల మీద ఒక వాగు నుంచి ఇంకో వాగుకు పోగలదు. కడిగి, పూర్తిగా ఆరబెట్టాకే ఇంకో నీటిలో దిగాలి. ఈ వానలో ఆరడానికి అక్క వంటింటి పొయ్యి పక్కన చోటిచ్చింది.

రెండో రోజు

బావకు తెలిసిన ఒక పెద్దాయన వక్కతోట సిద్ధాపుర వైపు ఉంది. పొద్దున్నే బయల్దేరాం. పెద్దాయనకు తెలుగు రాదు, నాకు కన్నడం అంతంతమాత్రం. మధ్యలో బావ. అయినా సగం మాటలు అనువాదం లేకుండానే అర్థమయ్యాయి.

ఇక్కడి తోటల అమరిక చూడాల్సిందే. రెండు కొండల మధ్య సన్నటి లోయ, ఆ లోయ అడుగున వక్కచెట్లు, మధ్యలో వాగు. వాగును వీళ్లు హళ్ళ అంటారు. లోయకు రెండు వైపులా వాలులో ఉన్న అడవి సొప్పినబెట్ట. తోటకు ఆకు ఎరువు కోసం కొమ్మలు కొట్టుకునే హక్కు ఉన్న కొండ అది. పచ్చి ఆకు కోసి, పశువుల కింద పరిచి, పేడతో కలిపి తోటలో వేస్తారు. తోట బతకాలంటే బెట్ట బతకాలి. తాగే నీళ్లు కూడా బెట్ట పైన ఊటనుంచి గొట్టంలో నేరుగా వంటింటికి వస్తాయి, మోటారు లేకుండా. "అబ్బి నీళ్లు" అని పెద్దాయన చెంబుతో ఇచ్చారు. పళ్లు జివ్వుమన్నాయి.

మేం వెళ్లేసరికి వానకు రెండు గంటల విరామం దొరికింది. ఆ రెండు గంటలూ తోటలో ఒకటే హడావుడి. కొళె రోగానికి మందు కొట్టాలి. వానాకాలంలో వక్కగెలలకు పట్టే కుళ్లు అది. ఒకసారి పట్టిందంటే పచ్చి కాయలన్నీ నేల రాలిపోతాయి. మందంటే బోర్డో మిశ్రమం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. వానలకు ముందొకసారి, నెలన్నర గడిచాక ఇంకోసారి కొడతారు. మునుపు చెట్టెక్కి కొట్టేవాళ్లు, ఇప్పుడు కింద నిలబడే పొడవాటి దోటితో కొడుతున్నారు. దోటి అన్న మాట వాళ్లకూ మనకూ ఒకటే.

నేను పైకి చూడలేదు, కిందే చూస్తున్నాను. గెల మీద పడగా మిగిలిన నీలపు చుక్కలు మట్టల మీదినుంచి జారి, మాను వెంట దిగి, మొదట్లోని ఆకుల మీద పడుతున్నాయి. అక్కడినుంచి మళ్లీ వాన మొదలవగానే కాలువలోకి. మైలుతుత్తంలోని రాగి చేపలకూ తోకకప్పలకూ విషమే, కొద్ది మోతాదులో కూడా. ఈ మాట ఎలా చెప్పాలా అని తటపటాయించాను. ఏడాది పంట ఆ చుక్కల మీదే ఆధారపడి ఉంది. చెప్పాను. పెద్దాయన నొచ్చుకోలేదు. నన్ను వాగు పక్కకు తీసుకెళ్లి పైకి చూపించారు. వాగుకు రెండు పక్కలా రెండేసి వరుసల చెట్లకు గెలలకు ప్లాస్టిక్ తొడుగులు కట్టి ఉన్నాయి. కొట్టె కట్టడం అంటారట. వీటికి మందు కొట్టరు. పశువులు తాగే నీళ్లని వాళ్ల నాన్నగారి కాలం నుంచీ అలా వదిలేస్తున్నారట, అప్పట్లో వక్కమట్టలతో కట్టేవారట. "కూలి ఎక్కువవుతుంది. అన్ని చెట్లకూ కట్టలేను" అన్నారు.

ఎరువు గుంటలో ఇంకో చుట్టాన్ని చూశాను. పనివాడు పారతో కుళ్లిన ఆకు తిరగేస్తుంటే వేలి లావున, మూరెడు పొడవున, ఊదారంగులో తళతళలాడుతూ ఒకటి బయటపడింది. పక్కలంటా పసుపు చార. ఒళ్లంతా వానపాముకున్నట్టు ఉంగరాలు. పార ఎత్తాడు. నేనూ పెద్దాయనా ఒకేసారి "వద్దు" అన్నాం. అది పాము కాదు. కాళ్లు లేని ఉభయచరం, సిసీలియన్. కప్పకు బంధువే. దానివల్ల మనిషికి ఏ హానీ లేదు. మట్టిలో వానపాముల్నీ చెదల్నీ తిని బతుకుతుంది. పాము పిల్ల అనుకుని ఎక్కడ కనబడితే అక్కడ చంపుతారు. మా వైపు కొండల్లో కూడా ఒక జాతి ఉంది. ఆంధ్రా ఒడిశా సరిహద్దుకు రెండు వైపులా దొరికిన దాన్ని 2013లో గెగెనియోఫిస్ ఓరియంటాలిస్ అనే పేరుతో లోకానికి పరిచయం చేశారు. కాఫీ తోటల్లో పని చేసే మా వాళ్లు పార కింద ఎన్నింటిని చంపి ఉంటారో అని అప్పుడు తలచుకున్నాను. దాన్ని ఆకులతో కప్పేశాం. మెల్లగా, తల ముందు పెట్టుకుని, మట్టిలోకి సూదిలా దిగిపోయింది.

రాత్రి ఏడున్నరకు తలకు లైటు కట్టుకుని వాగు వెంట నడిచాం. తోటలో మొదట వినబడింది పొదకప్పల చప్పుడు, ఎవరో చిన్న గులకరాళ్లు ఒకదానికొకటి కొడుతున్నట్టు. వీటికి వాగుతో పని లేదు. గుడ్లలోనుంచి తోకకప్ప రాదు, నేరుగా గోరంత కప్పపిల్లే బయటికొస్తుంది. ఆకుల మీద తేమ ఉంటే చాలు. అందుకే తోటలో, కంచెలో, ఇంటి ముందు మందార చెట్టులో కూడా ఉన్నాయి. నీళ్ల తొట్టి మీదికి వంగిన కొమ్మకు తెల్లటి నురగముద్దలు మూడు వేలాడుతున్నాయి. ఆ గూళ్లు కట్టిన కప్ప ఆ పక్కనే, అరచేయంత, లేత అరిటాకు రంగులో, వేళ్ల మధ్య చర్మం నారింజ రంగులో. మలబారు ఎగిరే కప్ప. గూడు కరిగాక పిల్లలు టపటపా తొట్టిలో పడతాయి. దానికీ పారే నీరు అక్కర్లేదు, నిలవ నీరు కావాలి.

అంటే తోటలో కప్పలున్నాయి, బాగానే ఉన్నాయి. కానీ వాగులో? తోట మధ్య పారే ముక్కలో రాళ్లన్నీ వెతికాం. మడుల్లో తిరిగే మామూలు కప్పలు నాలుగు కనబడ్డాయి. అంతే. తోట దాటి, బెట్ట మొదలైన చోటునుంచి ఓ ఇరవై అడుగులు పైకి వెళ్లామో లేదో, లైటు వెలుగులో తడిరాయి మీద చిన్న ముడతల ఒళ్లు, దానికి పైన రెండు కళ్లు. రాత్రికప్ప. ఇంకాస్త పైన ఇంకోటి. అదే నీరు, అదే రాత్రి. థర్మామీటరులో తేడా డిగ్రీ కూడా లేదు. తేడా ఒడ్డున ఉంది. పైన చెట్ల వేళ్లు ఒడ్డును పట్టుకున్నాయి, రాళ్ల సందులు ఖాళీగా ఉన్నాయి. కింద తోటలో ఒడ్డు చక్కగా చెక్కి, రాళ్లు ఏరి, కాలువలా తిన్నగా చేశారు.

తొందరలో ఒక రాయి ఎత్తి పక్కన పెట్టాను. పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ రాయి తీసి, ఎలా ఉందో అలాగే, అదే వైపు తిప్పి పెట్టారు. బావ అనువదించలేదు, అక్కర్లేకపోయింది.

మూడో రోజు

కత్తలెకాన్. కత్తలె అంటే చీకటి, కాన్ అంటే అడవి. జోగ్ దాటి హొన్నావర వెళ్లే దారిలో రోడ్డుకు ఆనుకునే ఉంది. అటవీశాఖ అనుమతి బావ ముందే తీసుకున్నాడు, వెంట ఒక వాచర్ వచ్చాడు. రోడ్డు దిగి పది అడుగులు వేయగానే లారీల చప్పుడు తడి దుప్పటి కప్పినట్టు అణిగిపోయింది. మధ్యాహ్నం పన్నెండు. నోట్‌బుక్‌లో రాసుకోవడానికి లైటు వేయాల్సి వచ్చింది.

అడవిజాజి చెట్ల చిత్తడి ఇది. జాజికాయ చుట్టాలైన చెట్లు నీళ్లలోనే నిలబడి పెరుగుతాయి. ఊపిరి కోసం వేళ్లను నేలలోంచి పైకి తెచ్చి, మోకాళ్లు మడిచినట్టు వంచి, మళ్లీ నేలలోకి దించుతాయి. ఎటు చూసినా మోకాళ్లే. వాటి మధ్యనుంచి వాగు ఒక పాయగా కాకుండా వంద పాయలుగా, చప్పుడు లేకుండా, వెతుక్కుంటూ పోతోంది. ఒకప్పుడు పశ్చిమ కనుమల లోయల్లో ఇలాంటివి చాలా ఉండేవి. ఎప్పుడూ తడి ఉండే పల్లపు నేల కాబట్టి వక్కతోటకూ వరికీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. అలా మారిపోగా అక్కడక్కడా ముక్కలు మిగిలాయి. నిన్న నేను నిలబడ్డ తోట అడుగున కూడా ఎప్పుడో ఇలాంటి మోకాళ్లు ఉండి ఉంటాయా అని ఆలోచిస్తూ నడిచాను. ఈ అడవి మిగలడానికి దేవుడి భయం కూడా ఒక కారణం. కాన్ అడవుల్లో చాలావాటిని ఊళ్లవాళ్లు దేవతల వనాలుగా కాపాడుకుంటూ వచ్చారు.

జలగలు సాక్సుల మీదికి వరుస కట్టాయి. జేబులో ఉప్పు పొట్లం ఉంది, తీయలేదు. ఆ ఉప్పు చివరికి నీళ్లలోకే పోతుంది. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది, చర్మంతోనే నీరు తాగుతుంది. మనకు చిటికెడు అనిపించింది దానికి చిటికెడు కాదు. ఒక్కొక్కటీ గోటితో గీకి తీసేశాను.

నాలుగు గంటల ప్రాంతంలో వాచర్ ఒక్కసారిగా ఆగి, వేలితో చూపించాడు. నీటికి జానెడు పైన వంగి ఉన్న పుల్ల. ఆ పుల్లకు కిందివైపు మట్టి అంటుకుని ఉంది. వరద వచ్చినప్పుడు అంటుకున్న బురద అనుకుని నేను దాటిపోయేవాణ్ణి. మోకాళ్ల మీద కూర్చుని దగ్గరగా చూశాను. బురద కాదు, పూత. గోడకు మెత్తినట్టు ఒకదాని మీద ఒకటిగా చిన్న చిన్న ముద్దలు. ఒక ముద్దకూ ఇంకో ముద్దకూ మధ్య వేళ్ల గుర్తుల్లాంటి గాట్లు. ఒక అంచున మట్టి పలచబడిన చోట గాజుపూసల్లాంటి గుడ్లు నాలుగైదు, లోపల లేతగా చుక్కలు. ఊపిరి తగిలితే రాలిపోతుందేమో అని ముఖం పక్కకు తిప్పుకున్నాను.

నిక్టిబాట్రాకస్ కుంబార. కన్నడంలో కుంబార అంటే కుమ్మరి. 2014లో ఈ కప్పను కొత్త జాతిగా ప్రకటించిన శాస్త్రవేత్తలు ఆ పేరు ఊరికే పెట్టలేదు. జత కట్టే వేళ ఆడకప్ప ముందుకాళ్ల మీద తలకిందులుగా నిలబడి పుల్లకో రాతికో గుడ్లు అంటిస్తుంది. తర్వాత అది వెళ్లిపోతుంది. మగది వాగు అడుగునుంచి బంకమట్టి రెండు చేతులా తీసుకుని, వెనక కాళ్ల మీద లేచి నిలబడి, గుడ్ల మీద అద్దుతుంది. మళ్లీ వంగుతుంది, మళ్లీ తెస్తుంది. గుడ్లు ఎండిపోకుండానూ, వేరే జీవుల కంట పడకుండానూ ఆ పూత కాపాడుతుందని అనుకుంటున్నారు. ప్రపంచంలో ఇంకే కప్పా గుడ్లకు ఇలా మట్టి పూయగా అప్పటికి ఎవరూ చూడలేదు.

చీకటి పడేదాకా అక్కడే రాతి మీద కూర్చున్నాం. ఏడు దాటాక, ఆ పుల్లకు మూరెడు దూరంలో వేళ్ల సందున అది కనబడింది. బొటనవేలికన్నా కాస్త పెద్దది. ముడతలు పడిన గోధుమరంగు చర్మం, వెడల్పాటి తల. లైటు పక్కకు తిప్పి, ఎర్ర కాగితం అడ్డం పెట్టి చూశాను. కంటిపాప గుండ్రంగా లేదు, పేకముక్కల్లో డైమండు ఆకారంలో ఉంది. గొంతు కింద చర్మం ఉబ్బుతోంది, తగ్గుతోంది. మట్టి మెత్తడం నేను చూడలేదు. పని అయిపోయిన కుమ్మరిని చూశాను. నాకు చాలు.

అక్కడ కూర్చుని నేను చేసిన ఆలోచన ఇది. ఈ కప్పకు కావాల్సినవి ఎన్నో లేవు. మెత్తగా పారే నీరు, నీటి మీదికి వంగిన కొమ్మ, చేతికి పట్టే మట్టి, ఆ మట్టి ఆరిపోకుండా నీడ. నాలుగే. కానీ ఆ నాలుగూ ఒకేచోట ఉండాలంటే వాగుకు రెండు వైపులా అడవి ఉండాలి. పైన చెట్టు పోతే మధ్యాహ్నం ఎండకు ఆ పూత ఎంతసేపు తడిగా ఉంటుంది? ఎగువన నేల దున్నితే అడుగునుంచి చేతికొచ్చేది బంకమట్టా, ఇసక మేటా?

తిరిగి వస్తుంటే కల్వర్టు దగ్గర రాతి మీద ఇంకో చిన్న కప్ప, గోరంత. నీటి హోరు పక్కనే కూర్చుని ఒక వెనక కాలు బారుగా చాపి, వేళ్లు విప్పి, మళ్లీ ముడిచింది. హోరులో కూత వినబడదు కాబట్టి కాలితో సైగ చేసే కప్పలివి. వీటి ప్రజాతి పశ్చిమ కనుమల్లో తప్ప ఎక్కడా లేదు. 2014లోనే ఒక్కసారిగా 14 కొత్త జాతులు గుర్తించారు. వానలు తగ్గి వాగు సద్దుమణిగాక ఆడకప్ప వెనక కాళ్లతో గులకరాళ్లలో గుంట తవ్వి, గుడ్లు పెట్టి, మళ్లీ గులకతో కప్పేస్తుంది.

నాలుగో రోజు

పొద్దున్నుంచీ కుంభవృష్టి. మధ్యాహ్నం దాకా ఇంట్లోనే. తర్వాత బావ బండి మీద సాగర చుట్టుపక్కల రెండు వాగులు చూశాం.

మొదటిది అకేసియా తోట. 1980ల నుంచీ బీడు కొండల మీద వేసిన ఆస్ట్రేలియా చెట్టు ఇది. దూరంనుంచి పచ్చగా అడవిలాగే ఉంటుంది. లోపలికి వెళితే కింద పొద లేదు, తీగ లేదు. వాన పడుతున్నా చెప్పు కింద ఎండుటాకు కరకరమంటోంది, అంత మందంగా పేరుకుంది. వాగు ఉంది. గంటసేపు నడిచి గోదురుకప్ప ఒకటి, పొదకప్ప కూతలు రెండు నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పశువులు కాస్తున్న ఆయన్ని అడిగితే, ఈ వాగులో సంక్రాంతి తర్వాత నీరుండదని చెప్పాడు.

రెండోది అల్లం చేను. ఇక్కడ మడులు కౌలుకు తీసుకుని ఒకటి రెండేళ్లు అల్లం వేసి, నేల అలసిపోగానే ఇంకోచోటికి మారుతుంటారు. ఎత్తు మళ్లు, మధ్య మధ్య వాలు వెంట కాలువలు. ప్రతి కాలువా తిన్నగా వాగులోకే. నీరు చిక్కటి టీ రంగులో ఉంది. చుట్టూ చెట్టన్నది లేదు. థర్మామీటరు నిన్నటి అడవి వాగుకన్నా నాలుగు డిగ్రీలు ఎక్కువ చూపించింది.

అయితే చెవులు చిల్లులు పడేలా కప్పలు! గట్ల మీద, నీళ్లలో, అడుగు తీసి అడుగు వేస్తే దూకుతున్నాయి. బావ నవ్వాడు. "చూడు, ఇక్కడే ఎక్కువున్నాయి కదా. అడవిలో రోజంతా తిరిగితే పట్టుమని పది కనబళ్లేదు."

మా ఊళ్లో వాళ్లన్నదీ ఇదే. నేను లెక్క రాసుకున్న పేజీ తీసి బావకు చూపించాను. ఇక్కడ వందలున్నాయి గానీ మూడో నాలుగో రకాలు. మడికప్ప, నీటి మీద రాయి విసిరినట్టు గెంతుకుంటూ పోయే కప్ప, గోదురుకప్ప. ఇవి సాగర మడిలో ఉంటాయి, పాడేరు మడిలో ఉంటాయి, గోదావరి లంకల్లోనూ ఉంటాయి. ఎండకు తట్టుకుంటాయి, మురికినీటికి తట్టుకుంటాయి. నాలుగు వానలకు నిలిచిన గుంటలో తొందరగా ఎదిగి బయటపడతాయి. అడవి వాగులో పట్టుమని పది కనబళ్లేదు గానీ ఆ పదీ ఆరు రకాలు. అందులో కొన్నిటికి ఈ కొండలు తప్ప భూమ్మీద ఇంకో ఇల్లు లేదు. 2023లో ప్రపంచవ్యాప్తంగా లెక్క చూసినప్పుడు ఉభయచర జాతుల్లో 41 శాతం అంతరించే ప్రమాదంలో ఉన్నాయని తేలింది. వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంత ప్రమాదంలో ఉన్న వర్గం ఇంకోటి లేదు. ఆ 41 శాతంలో ఈ మడిలో అరుస్తున్నవి లేవు.

నేను వంగి వాగు అడుగున చెయ్యి పెట్టాను. గులక తగల్లేదు. మెత్తటి బురదలోకి మణికట్టుదాకా దిగింది. చెయ్యి తీస్తే వేళ్ల సందుల్లో పాలమీగడ లాంటి సన్న మట్టి. నిన్న కాలు చాపిన కప్ప గుడ్లు పెట్టాల్సింది ఇలాంటి అడుగున అయితే, గుడ్డుకూ గుడ్డుకూ మధ్య నీరు ఆడదు, గాలి అందదు. ఊపిరాడక చస్తాయి.

ఆ చెయ్యి అలాగే పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. ఈ బురద నాకు తెలుసు. మా గెడ్డలో చూశాను. మూడేళ్ల కిందట ఒడ్డున ఉన్న నేరేడు, కానుగ, రెండు పాత ఏరుమద్దులు కొట్టించి ఆ జాగాలో కాఫీ, మిరియాల కోసం సిల్వర్ ఓక్ వేయించింది నేనే. నాన్న వద్దన్నాడు. "గెడ్డ ఒడ్డు గెడ్డది" అన్నాడు. ఇంకో ముప్పై మొక్కలు పడతాయని నేనే ఒప్పించాను. బావకు ఆ మాట అప్పుడే, వానలోనే చెప్పాను. ఇంతవరకూ ఎవరికీ చెప్పుకోలేదు.

ఐదో రోజు

అక్క కూడా వస్తానంది కాబట్టి జోగ్ వెళ్లాం. 253 మీటర్ల ఎత్తునుంచి నాలుగు పాయలు. మంచు విడిచినప్పుడల్లా జనం కేకలు. చూడాల్సిందే, కానీ దాని గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు. పైన 1964లో పూర్తయిన లింగనమక్కి జలాశయం. కనుచూపు మేర నీరు, నీటిలో అక్కడక్కడా దీవులు. ఆ దీవులన్నీ ఒకప్పటి కొండకొనలు. వాటి కింద ఎన్ని హళ్ళాలు, ఎన్ని చిత్తడులు ఉన్నాయో. పారే నీటి కప్పకు నిలిచిన చెరువు ఇల్లు కాదు.

నాకు ఆ రోజు గుర్తుండిపోయింది తిరుగు దారిలో టీ కోసం ఆగిన చోటు. రోడ్డు కోసం కొండను తొలిచిన రాతిగోడ. దాని మీదినుంచి నీరు జారడం కూడా కాదు, పూత పూసినట్టు ఉంది. గ్లాసు పట్టుకుని దగ్గరికి వెళ్లాను. రాయి కదిలింది. నీళ్లలో కాదు, తడి రాతి మీద, తోకకప్పలు! పొడవాటి సన్నని తోక, అప్పుడే వచ్చేసిన వెనక కాళ్లు. వేలు చూపించగానే ఒకటి టప్పున గెంతి రెండు జానల అవతల అతుక్కుంది. ఇండిరానా అనే కప్పల పిల్లలు ఇలా నీటి పొర మీదే పెరుగుతాయి, రాతి మీది పాచి గీక్కుని తింటాయి. అక్కకు చూపిస్తే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది. "టీ చల్లారిపోతోంది" అని బావ రెండుసార్లు పిలిచాడు.

గోడకు ఆ చివర పొక్లెయిన్ నిలబెట్టి ఉంది. మలుపు వెడల్పు చేస్తున్నారట. గోడ పైన చెట్లకు ఎర్ర రంగు గీతలు. ఆ చెట్లు ఉన్నంతకాలమే పైన ఊట, ఊట ఉన్నంతకాలమే ఆ పూత.

రాత్రి అన్నాల దగ్గర అక్క చిన్నప్పటి సంగతి తీసింది. వానలు పడని ఏడాది రోకలికి వేపమండలు కట్టి, మధ్యలో కప్పను కట్టి, ఇంటింటికీ తిప్పేవాళ్లు. అమ్మలక్కలు బిందెలతో నీళ్లు పోసేవాళ్లు. కప్పతల్లి ఆట. అందరి గోలలో అక్క ఒక్కతే కప్ప కట్టు ఊడదీసి గెడ్డలో వదిలేసిందట. నాకు గుర్తు లేదు. "నువ్వు నా వెనకే ఉన్నావురా, నేనే నీ నోరు మూశాను" అంది.

ఆరో రోజు, ఆ తర్వాత

తాళగుప్ప నుంచి రాత్రి రైలు. ఎక్కేముందు బూట్లు మళ్లీ కడిగాను. పెద్దాయన బావ చేత ఒక పొట్లం పంపించారు. విప్పితే ఎండిన వక్కలు, వాటి మధ్య రెండు ప్లాస్టిక్ కొట్టెలు మడిచి పెట్టి ఉన్నాయి. మాకు వక్కచెట్లు లేవు. అయినా ఇంటికి తెచ్చాను. కాలేజీలో పిల్లలకు చూపిస్తాను.

బెంగళూరు, విశాఖ, పాడేరు. ఇంటికి చేరిన సాయంత్రమే నాన్నతో గెడ్డకు వెళ్లాను. ఒడ్డున సిల్వర్ ఓక్‌లు నిటారుగా, మధ్య మధ్య ఎండ నేరుగా నీళ్ల మీద పడుతూ. చెయ్యి పెట్టి చూశాను. అదే బురద. తోట దాటి పైకి, ఎవరూ ముట్టుకోని పెద్ద రాళ్ల దాకా ఎక్కాం. చీకటి పడింది. లైటు వేసి రాళ్లు ఒక్కొక్కటీ చూస్తుంటే నాన్న కింద కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు. ఏ రాయీ ఎత్తలేదు. అరగంటకు, నీటి అంచున, రాయి రంగులో ఉన్న ఒక చిన్నది టుప్పున దూకింది.

"ఉన్నాయా?" అన్నాడు నాన్న కిందినుంచి.

"ఒకటుంది."

వారం తిరక్కుండా నాన్న ఎక్కడినుంచో ఏరుమద్ది మొక్కలు పన్నెండు తెచ్చాడు, తడి గోనెలో చుట్టి. ఒడ్డు నుంచి పది బారలు కొలిచి కర్రలు పాతాడు. ఆ పది బారల్లో ఉన్న కాఫీ మొక్కల సంగతేమిటని నేను అడగలేదు. గునపం అందుకున్నాను.